స్వభావం అని మనం అనుకునేది

సభకు నమస్కారం.

"మనిషి ఎక్కడైనా మనిషే" అంటుంటాం. మనం చేయని పని ఎవరైనా చేస్తున్నారని తెలిస్తే మాత్రం "వాళ్ల రక్తమే అంత" అనేస్తాం. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి వస్తుంటాయి. రెండూ తొందరపడి అనేవే.

రక్తం సంగతి ముందు తేల్చేద్దాం, అది త్వరగానే తేలుతుంది. 1972లో రిచర్డ్ లెవాంటిన్ అనే జన్యుశాస్త్రవేత్త లెక్కగట్టి చూస్తే, మనుషుల జన్యువుల్లో ఉన్న వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒకే జనసమూహంలోని వ్యక్తుల మధ్యే కనిపించింది. జాతికీ జాతికీ మధ్య తేడాగా మిగిలింది చాలా కొద్ది. పెళ్లిళ్లు, పంపకాలు, మర్యాదలు ఇన్ని రకాలుగా ఎందుకున్నాయో ఆ కొద్దిలో వెతికితే దొరకదు.

"ఎక్కడైనా మనిషే" అన్న మాట అంత సులువుగా తేలదు. దానికి ఒక ఆట చెబుతాను. ఒకరికొకరు తెలియని ఇద్దరుంటారు. మొదటి మనిషికి కొంత డబ్బిచ్చి, ఇందులో రెండో మనిషికి ఎంతిస్తావో చెప్పమంటారు. రెండో మనిషి సరేనంటే ఎవరి వాటా వారికి. వద్దంటే ఇద్దరికీ సున్నా. బేరాల్లేవు, రెండో ఛాన్స్ లేదు. యూనివర్సిటీ విద్యార్థులతో ఆడిస్తే ఎక్కువమంది సగానికి దగ్గరగా ఇచ్చారు. మరీ తక్కువ ఇస్తే అవతలివాళ్లు చాలాసార్లు తిరగ్గొట్టారు, తమకూ నష్టమని తెలిసి కూడా. ఇంకేముంది, న్యాయబుద్ధి మనిషికి పుట్టుకతోనే వస్తుందని కొందరు తీర్మానించేశారు.

1990లలో జోసెఫ్ హెన్రిక్ అనే మానవశాస్త్రవేత్త ఇదే ఆటను పెరూ అడవుల్లోని మచిగెంగా ప్రజల దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ ఇవ్వజూపింది సగటున 26 శాతమే. విచిత్రమేమిటంటే దాన్ని దాదాపు ఎవరూ కాదనలేదు. ఊరికే వచ్చే డబ్బును ఎవరైనా వద్దంటారా? డబ్బు పంచే అవకాశం తమకు రాలేదు, అదృష్టం బాగాలేదు, అంతే అనుకున్నారు. ఇది విని మచిగెంగాలు పిసినారులని అనుకుంటే పప్పులో కాలేసినట్టే. వాళ్ల బతుకు కుటుంబాల చుట్టూ తిరిగేది, ముక్కూమొహం తెలియని మనిషితో లెక్కగా పంచుకోవాల్సిన అవసరం వాళ్లకు పెద్దగా పడేది కాదు.

తర్వాత పరిశోధకుల బృందం ఒకటి ఇలాంటి 15 చిన్న సమాజాల్లో ఈ ఆట ఆడించింది. ఇండోనేషియాలోని లామలెరాలో తిమింగలాల వేటగాళ్లు సగటున సగం కంటే ఎక్కువే ఇచ్చారు. తిమింగలాన్ని ఒక్కడు పట్టలేడు. పడవ నిండా మనుషులుండాలి, ఒడ్డుకొచ్చాక ఏ భాగం ఎవరిదో ముందే ఏర్పాటై ఉంటుంది. అలా పంచుకుని బతికేవాళ్లకు ఈ ఆట కొత్తేం కాదు. పాపువా న్యూగినీలోని ఔ, గ్నౌ ప్రజల్లో ఇంకో వింత. అక్కడ సగానికి మించి ఇస్తామన్నా వద్దనేశారు! అంత పెద్ద కానుక పుచ్చుకుంటే దాని బాకీ నెత్తిన పడుతుంది, ఇచ్చినవాడి మాట వినాల్సి వస్తుంది. నన్నడిగితే ఇది మహా తెలివైన జాగ్రత్త.

వయసు, ఆడా మగా, ఆస్తి లాంటి తేడాలతో ఈ ఫలితాలకు వివరణ దొరకలేదు. బతకడానికి ఎంతమంది కలిసి పనిచేయాలి, బయటివాళ్లతో కొనడం అమ్మడం ఎంత ఉంది అన్న రెండింటితోనే చాలావరకు దొరికింది. అంటే విద్యార్థుల "న్యాయబుద్ధి"కి కూడా సంతలో బతకడం నేర్పిన అలవాటు తోడై ఉండాలి.

ఆఖరికి కంటి చూపూ అంతే. బాణం మొనలు లోపలికీ బయటికీ తిప్పి గీసిన రెండు సమానమైన గీతల బొమ్మ మీరు చూసే ఉంటారు, ఒకటి పొడుగ్గా కనిపిస్తుంది. 1966లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికన్ విద్యార్థులు అందులో బాగా బోల్తాపడ్డారు. కలహారి ఎడారి ప్రాంతపు సాన్ ప్రజలకు అవి దాదాపు సమానంగానే కనిపించాయి.

ఇంతవరకూ విని, "అయితే ఎవరి పద్ధతి వాళ్లది, మనమెందుకు మాట్లాడాలి?" అంటారేమో. నేనంత దూరం రాను. వైవిధ్యం వేరు, హెచ్చుతగ్గులు వేరు. చైనాలో ఆడపిల్లలకు ఆరేడేళ్ల వయసులో పాదాలు ఎముకలు వంగేలా బిగించి కట్టే ఆచారం వందల ఏళ్లు సాగింది. కట్టేది ఎక్కువగా తల్లులే, కట్టకపోతే పెళ్లి కాదేమోనన్న టెన్షన్‌తో. ఒక్క కుటుంబం మానేస్తే నష్టం ఆ కుటుంబానికే. అందుకే 1890ల నుంచి సంఘాలు పెట్టుకుని అందరూ కలిసి ప్రమాణాలు చేశారు, మా కూతుళ్లకు పాదాలు కట్టం, పాదాలు కట్టిన పిల్లను మా కొడుకులకు చేసుకోం అని. 1912లో కొత్త రిపబ్లిక్ నిషేధించింది. వేళ్లూనుకుపోయిన ఆచారమన్నది చాలాచోట్ల ఒకటి రెండు తరాల్లోనే పోయింది.

అయితే పల్లెల కథ వేరు. లారెల్ బోసెన్, హిల్ గేట్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ రోజులు చూసిన ముసలి ఆడవాళ్లను 1,800 మందికి పైగా అడిగి తెలుసుకున్నారు. చిన్నప్పుడు ఇంట్లో కూర్చుని నూలు వడకడం, బట్ట నేయడం లాంటి పని చేసిన ఆడపిల్లలకే పాదాలు కట్టడం ఎక్కువని తేలింది. అందం, పెళ్లి అని పైకి చెప్పుకున్నా, పిల్ల కదలకుండా కూర్చుంటే ఇంటికి నాలుగు డబ్బులొచ్చేవి. మిల్లు నూలు, మిల్లు బట్ట చవగ్గా దొరికాక ఆ చేతిపనికి గిరాకీ పడిపోయింది. పాదాలు కట్టే అవసరమూ దాంతోపాటే తగ్గుతూ వచ్చింది.