సూర్యుడు దిగాక 20 నిమిషాలు ఆగండి

[దృశ్యం: సాయంత్రపు న్యూయార్క్. మధ్యలో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్. వెనక ముదురు నీలి ఆకాశం.]

నమస్కారం. ఈ ఫొటో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీద నుంచి తీసింది కాదు. దాని మీదికే ఎక్కితే అది ఫొటోలోకి ఎలా వస్తుంది? అందుకే ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, న్యూయార్క్ చూపించడానికి ఒక్క సాయంత్రమే దొరికితే, వాళ్లను రాక్‌ఫెల్లర్ సెంటర్‌లోని టాప్ ఆఫ్ ద రాక్‌కు, అంటే భవనం పైనుంచి నగరాన్ని చూసే డెక్‌కు, తీసుకెళ్లమని చెబుతాను.

నేల నుంచి దాదాపు 260 మీటర్ల ఎత్తు. 1933లో మొదలైన ఈ డెక్‌ను 1986లో మూసేశారు, 2005లో మళ్లీ తెరిచారు. 69వ అంతస్తులో బయట నిలువెత్తు అద్దాలుంటాయి. ఇంకో అంతస్తు ఎక్కితే, 70లో అద్దాలే లేవు, రాతి పిట్టగోడ మాత్రమే. నేరుగా అక్కడికే వెళ్లండి.

[దృశ్యం: అద్దంలో తెల్ల చొక్కా నీడ పడి పాడైన ఫొటో]

అద్దం ఎందుకు వద్దంటున్నానో ఇది చూడండి. వేరే నగరంలో, అద్దాల డెక్ మీద నేను తీసిన ఫొటో. భవనాల మీద తెల్లగా కనిపిస్తున్నది నా చొక్కా! బయట చీకటి పడేకొద్దీ లోపలి వెలుతురంతా అద్దంలో కనిపిస్తుంది. అద్దం తప్పదనుకుంటే ముదురు రంగు బట్టలు వేసుకోండి, లెన్స్‌ను అద్దానికి ఆనించండి, ఫ్లాష్ ఆపేయండి.

ఇక వెలుతురు. న్యూయార్క్‌లో మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణం వైపే ఉంటాడు. ఎంపైర్ స్టేట్ కూడా ఇక్కడి నుంచి దక్షిణమే. అంటే పట్టపగలు తీస్తే ఎదురెండలో భవనం మసకగా, నల్లగా వస్తుంది. ఆ టైమ్‌కి వెళ్లినవాళ్లు ఉత్తరం వైపు తిరిగి సెంట్రల్ పార్క్ తీసుకోవడం మంచిది.

అసలైన ఫొటో మాత్రం సూర్యాస్తమయం తర్వాతే.

[దృశ్యం: ఒకే చోటు నుంచి తీసిన మూడు ఫొటోలు]

సూర్యుడు దిగగానే చాలామంది లిఫ్ట్ వైపు నడుస్తారు. వాళ్లను ఆపాలనిపిస్తుంది నాకు. మొదటి ఫొటో చూడండి, అస్తమయం వేళది. ఆకాశం బాగుంది, కానీ కిటికీల్లో దీపాలు ఆనడం లేదు. మూడోది గంట తర్వాత తీసింది. దీపాలు మెరుస్తున్నాయి గానీ ఆకాశం నల్లగా మారి, భవనాల అంచులు అందులో కలిసిపోయాయి. మధ్యది 20 నిమిషాల తర్వాతది. ఆకాశపు వెలుతురు తగ్గుతూ తగ్గుతూ, కిటికీల దీపాలతో సమానమైన క్షణం అది. రెండూ ఒకేసారి కెమెరాకు అందుతాయి. ఎంపైర్ స్టేట్ శిఖరం మీద దీపాలు, దాని వెనక దూరంగా వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్, రెంటి మధ్యా నీలం. దీన్నే బ్లూ అవర్ అంటారు. పేరుకే గంట, మనకు పనికొచ్చేది పావుగంటో ఇరవై నిమిషాలో.

డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది, జూన్ చివర్లో ఎనిమిదిన్నరకు. టికెట్ టైమ్ అస్తమయానికి గంట ముందు ఉండేలా చూసుకోండి. ముందు రోజు వాన పడి వెలిసి ఉంటే మీ అదృష్టం. గాలిలో దుమ్ము కడిగినట్టు పోయి, దూరపు భవనాలు కూడా స్పష్టంగా వస్తాయి.

ట్రైపాడ్ అనుమతించరు, కాబట్టి పిట్టగోడే మన స్టాండ్. మోచేతులు దాని మీద ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కండి. కెమెరా అయితే ఐఎస్ఓను, అంటే వెలుతురును పట్టుకునే సున్నితత్వాన్ని, 800 నుంచి 1600 దాకా పెంచడానికి భయపడొద్దు. కొద్దిగా గరుకుదనాన్ని తర్వాత తగ్గించుకోవచ్చు, చెయ్యి కదిలిన ఫొటోను బాగు చేయలేం. ఫోన్ అయితే నైట్ మోడ్. 0.5, అంటే ఎక్కువ వెడల్పు చూపించే లెన్స్, మాత్రం వాడొద్దు, అంత పెద్ద భవనం అగ్గిపుల్లంత అయిపోతుంది. రెండు రెట్లు జూమ్ చేసి చూడండి.

[దృశ్యం: పిట్టగోడ దగ్గర అమ్మానాన్నలు]

చివరగా, అమ్మానాన్నల ఫొటో. ఫ్లాష్ వేస్తే ముఖాలు తెల్లగా పాలిపోతాయి. ఇంకో ఫోన్ టార్చ్ వెలిగించి, దాని మీద తెల్ల చేతిరుమాలు కప్పి, పక్క నుంచి పట్టుకోమని ఎవరికైనా ఇవ్వండి. నాన్నగారికి కళ్లజోడుంటే లైటు కాస్త పైకెత్తించండి, అద్దాల్లో మెరుపు పడదు. అమ్మ కొంగు గాలికి ఎగురుతుంటే ఎగరనివ్వండి.