పాత బుల్లెట్ 350: వణుకు ఇంజన్‌దా, చక్రానిదా?

నమస్కారం అండి. ఇవాళ మన ముందున్నది కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ 350. గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. నాలుగు గేర్లు, 346 సీసీ. ఇగ్నిషన్ పాయింట్లది, అంటే కలుస్తూ విడిపోయే రెండు చిన్న లోహపు ముక్కలు ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టిస్తాయి. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 70 మిల్లీమీటర్లయితే స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 90. అంత పొడుగు స్ట్రోకు, దానికి తోడు బరువైన ఫ్లైవీలు ఉండబట్టే ఆ నిదానమైన శబ్దం. మైలేజ్ ఎంత, పెయింట్ ఎలా ఉంది అని చెప్పే రివ్యూ కాదిది. ఇలాంటి పాత బండి ఇబ్బంది పెడితే, ఆ ఇబ్బంది ఎక్కడ పుడుతోందో ఇంజన్ విప్పకుండానే ఎలా పట్టుకోవాలి, ఆ పనికి ఈ బండి ఎంతవరకు సహకరిస్తుంది, అదే చూద్దాం.

ఈ బండి మీద ఉన్న కంప్లైంట్లు రెండు. అరవై దాటితే హ్యాండిల్ వణుకుతోంది. వేడెక్కాక మిస్ కొడుతోంది, అంటే ఇంజన్‌లో మధ్యమధ్య మండటం తప్పుతోంది, పికప్ కూడా లేదు. వినగానే మొదటిది చక్రానిది, రెండోది ఇంజన్‌ది అనిపిస్తుంది కదా. దయచేసి అక్కడ తొందరపడకండి. ఈ పాత బండ్లలో చక్రం జబ్బు ఇంజన్ మీదికి, ఇంజన్ జబ్బు చక్రం మీదికి పోతూ ఉంటుంది. పికప్ లేదని బోరు తీయించి, కొత్త పిస్టన్ వేయించి, అయినా మార్పు లేదని బాధపడేవాళ్లు ఉన్నారు. ఇంజన్ బాగానే ఉండి, వెనక బ్రేకు పట్టేసి ఉంటే పిస్టన్ ఎన్నిసార్లు మార్చి ఏం లాభం చెప్పండి.

అందుకని ముందు రోడ్డు మీదికి వెళ్దాం. ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డే చూసుకోండి. వణుకు మొదలయ్యే స్పీడుకి తీసుకెళ్లి క్లచ్ పట్టి, యాక్సిలరేటర్ వదిలేయండి. ఇంజన్ స్లోకి పడిపోతుంది, బండి మాత్రం అదే ఊపులో పోతూ ఉంటుంది. అప్పుడూ వణుకు అలాగే ఉంటే చక్రాల్లోనో, హ్యాండిల్ తిరిగే బేరింగ్ అయిన కోన్‌సెట్‌లోనో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ బుష్‌లోనో వెతకాలి. క్లచ్ పట్టగానే ఆగిపోయిందా, ఇంజన్ వైపు చూడాలి. ఇంకో మాట. అదే అరవైలో మూడో గేరులో కాసేపు, నాలుగో గేరులో కాసేపు నడపండి. గేరుతో పాటు వణుకు తీరు మారితే అది ఇంజన్ తిరుగుడుకి సంబంధించింది. ఏ గేరులో ఉన్నా సరిగ్గా అదే స్పీడులో వస్తే చక్రానిది.

ఈ బండిలో ఏమైందంటే, క్లచ్ పట్టగానే వణుకు సగం తగ్గింది. మొత్తం పోలేదు. అంటే రెండు వైపులా పని ఉంది.

ఇంజన్ వైపు సగం సంగతి చూపిస్తాను, కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఇంజన్ హెడ్డు నుంచి ఫ్రేముకి వెళ్లే ఈ చిన్న పట్టీ ఉంది చూశారా, దీన్ని హెడ్ స్టెడీ అంటారు. ఈ నట్టు చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తోందా? రెండు ఇనప ముక్కలు బిగువు లేక ఒకదాన్నొకటి రాసుకుంటే రాలే పొడి అది. చేత్తో కదిపితే నట్టు కదలడం లేదు, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. కానీ పానా వేస్తే ముప్పావు చుట్టు బిగిసింది. ఎప్పుడైనా పాత బండిలో నట్టు వదులైందేమో అని అనుమానం వస్తే ముందు ఈ ఎర్ర పొడి కోసం చూడండి. ఇంజన్ కింద, వెనక దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే ఫౌండేషన్ బోల్టుల దగ్గర కూడా ఇదే గుర్తు.

ఇప్పుడు పికప్. డబుల్ స్టాండ్ వేసి, న్యూట్రల్ చేసి వెనక చక్రాన్ని తిప్పుతున్నా. వినండి, ఒక్క చుట్టు కూడా పూర్తిగా తిరగకుండా ఆగిపోయింది, లోపల బ్రేకు షూ రాసుకుంటున్న శబ్దం వస్తోంది. దీనికి కారణం తెలిస్తే మళ్లీ రాకుండా చూసుకోవచ్చు. చైన్ లూజు తీయడానికి చక్రాన్ని వెనక్కి జరుపుతాం. చక్రం వెనక్కి జరిగితే బ్రేకు రాడ్డు లాగినట్టవుతుంది, షూ డ్రమ్ముకి ఆనుకుంటుంది. చైన్ బిగించిన ప్రతిసారీ బ్రేకు నట్టు కూడా సరిచూడాలి. ఇక్కడ ఎవరో చైన్ బిగించి ఊరుకున్నారు. రెండు చుట్లు వదిలేశాను, ఇప్పుడు చూడండి, చక్రం హాయిగా తిరుగుతోంది. పికప్ కంప్లైంట్‌లో సగం ఇక్కడే తీరిపోయింది, ఇంజన్ మీద చెయ్యి కూడా వేయలేదు.

చక్రం తిరుగుతుండగానే చైన్ కూడా చూసేద్దాం. ఒకచోట లూజుగా, ఒకచోట బిగువుగా వస్తోందంటే చైను, స్ప్రాకెట్లు అరిగాయని అర్థం. బిగువుగా ఉన్నచోటే కొలిచి సెట్ చేయాలి, లూజుగా ఉన్నచోట సెట్ చేస్తే బిగువుచోటికి వచ్చేసరికి బేరింగ్ మీద భారం పడుతుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు బండి కుదుపుకుంటూ పోవడానికి కూడా ఇదో కారణం. హబ్బులో రబ్బర్లు పోయినా అంతే. దాన్ని మిస్ ఫైర్ అనుకుని కార్బొరేటర్ విప్పుతారు. ఇరుసుకి రెండు పక్కలా ఉండే ఈ గాట్ల క్యాములు రెండూ ఒకే గాటు మీద ఉండాలి. లేదంటే చక్రం వంకరగా కూర్చుంటుంది.

ఇక అసలు మిస్సు. వేడెక్కాకే వస్తోంది, చల్లగా ఉన్నప్పుడు లేదు. ఈ ఒక్క ముక్క చాలా విలువైనది. వేడెక్కాక ఆగిపోయే బండికి నేను మొదట చూసేది పెట్రోల్ ట్యాంక్ మూత. మూతలో గాలి రంధ్రం మూసుకుపోతే లోపల వ్యాక్యూమ్ ఏర్పడి పెట్రోల్ దిగదు. బండి ఆగగానే మూత తెరవండి, బుస్సుమని గాలి లోపలికి పోయి, ఆ తర్వాత బండి మామూలుగా స్టార్ట్ అయితే దొంగ దొరికినట్టే. ఈ బండిలో అది కాదు, మూత తీసి నడిపినా మిస్సు అలాగే ఉంది.

తర్వాత ప్లగ్గు. కొన బిస్కెట్ రంగులో ఉంటే బాగున్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకొస్తోంది, తెల్లబడితే పెట్రోల్ తక్కువ లేదా ఎక్కడో గాలి పీలుస్తోంది. ఇది కాస్త మసిగా ఉంది గానీ అంత ఘోరంగా ఏం లేదు.

అందుకని పాయింట్ల దగ్గరికి వచ్చా. సిలిండర్ వెనక కుడివైపు ఉన్న ఈ డబ్బా మూత తీస్తే పాయింట్లు. ఇంజన్ వేడిగా ఉండగానే మూత తీసి, స్టార్ట్ చేసి, నీడలో చూడండి. పాయింట్ల మధ్య ఇంత పెద్ద నిప్పురవ్వ కనిపించకూడదు. చిన్నగా, కనీ కనిపించనట్టు ఉంటే సరే. ఇంత మెరుస్తోందంటే ఆ రవ్వని అణచాల్సిన కండెన్సర్ మీద అనుమానం. ఇంజన్ ఆపి పాయింట్లు విడదీసి చూపిస్తున్నా. ఒక ముఖం మీద చిన్న గుంట, రెండో ముఖం మీద అదే కొలతకి చిన్న బొడిపె. ఒకదాని లోహం రెండోదాని మీదికి చేరింది. పాయింట్లు రుద్ది సరిచేస్తే కొన్నాళ్లు నడుస్తుంది, మళ్లీ మొదటికే వస్తుంది, ఎందుకంటే తప్పు పాయింట్లలో లేదు. కండెన్సర్ మార్చి, పాయింట్లు శుభ్రం చేసి, పూర్తిగా తెరుచుకున్నచోట గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టాను. కొత్త కండెన్సర్ కూడా నమ్మకం లేనివి వస్తుంటాయి కాబట్టి, వేసిన తర్వాత వేడెక్కేదాకా నడిపి ఆ రవ్వ మళ్లీ చూడాలి. చూశాను, లేదు. మిస్సు కూడా పోయింది.

ఈ బండిలో నాకు బాగా నచ్చేది ఆమీటర్, బ్యాటరీ నుంచి కరెంట్ పోతోందా, వస్తోందా అని చూపేది. హెడ్‌లైట్ పైన ఉన్న ఈ చిన్న ముల్లు. తాళం ఆన్ చేసి, చేత్తో కిక్కర్ నెమ్మదిగా నొక్కుతున్నా. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు మైనస్ వైపు వాలింది, విడిపోగానే మధ్యకి వచ్చింది. ఎంత తిప్పినా ముల్లు కదలకపోతే పాయింట్లకి కరెంట్ రావడం లేదు, లేదా అవి కలవడం లేదు. ఎప్పుడూ వాలే ఉంటే విడిపోవడం లేదు. మల్టీమీటర్ లేకుండా, పానా పట్టకుండా ఇగ్నిషన్ సగం తెలిసిపోయింది. కిక్కు కొట్టడానికీ ఇదే దారి. కిక్కర్ బరువుగా అడ్డుకుని, ముల్లు మధ్యకి వచ్చినచోట ఆగి, సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసే డీకంప్రెసర్ మీట పట్టి కాస్త దాటించి, వదిలేసి, కిక్కర్‌ని పైకి రానిచ్చి ఒక్క నిండు తన్ను తన్నండి. కాలు మీదికి తిరగబడదు.

కంప్రెషన్ సంగతి త్వరగా చెబుతా. కిక్కర్ మీద నిలబడితే వెంటనే కిందికి జారిపోతుంటే చెవి పెట్టి వినండి. కార్బొరేటర్‌లో బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లో అంటే ఎగ్జాస్ట్ వాల్వు లేదా డీకంప్రెసర్, ఆయిల్ మూత దగ్గర అంటే రింగులు. కానీ రింగులని తేల్చే ముందు టాపెట్లు, అంటే వాల్వుల సందు, చూడండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక, పిస్టన్ కంప్రెషన్‌లో పైన ఉన్నప్పుడు వాల్వుని కదిపే పుష్ రాడ్డు వేళ్లతో తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. తిరగకపోతే వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట.

పొగ గురించి ఒక్క హెచ్చరిక. చాలా రోజులు నిలబెట్టిన బండిలో ఆయిల్ ట్యాంకు నుంచి క్రాంక్‌కేసులోకి జారుతుంది. స్టిక్కు చూస్తే ఆయిల్ తక్కువ అనిపిస్తుంది. అప్పుడు ఆయిల్ పోయొద్దు. కాసేపు నడిపాక చూసి, తగ్గితేనే పోయండి. స్టార్ట్ చేయగానే నీలం పొగ వచ్చి ఆగిపోతే భయపడాల్సిన పనిలేదు. యాక్సిలరేటర్ ఇచ్చినంతసేపూ వస్తేనే బోరు గురించి ఆలోచించాలి.

ఇక మిగిలిన సగం వణుకు, ముందు చక్రం. చక్రాన్ని గాల్లోకి లేపి, ఫోర్కుకి ఈ వైరు ముక్క కట్టి, కొన రిమ్ముకి తగిలీ తగలనట్టు పెట్టాను. తిప్పుతున్నా. ఇక్కడ తగులుతోంది, ఇక్కడ వచ్చేసరికి దూరం పోతోంది. పక్కల ఆట 2 మిల్లీమీటర్లు దాటితే సరిచేయించాలి, ఇది స్పష్టంగా దాటింది. స్పోకుల మీద పానాతో ఒక్కొక్కటే తట్టి వినండి. టింగుమని మోగేది బిగువుగా ఉంది, మొద్దుగా పలికేది వదులు. మూడు వరసగా మొద్దుగా పలికాయి, రిమ్ము దూరం పోయింది సరిగ్గా అక్కడే.

అలాగని ఆ మూడింటినీ బిగించేయకండి. ఒక వైపు బిగిస్తే ఎదురు వైపు వదలాలి, అదీ పావు చుట్టు, మళ్లీ తిప్పి చూసి ఇంకో పావు. లేకపోతే పక్కల ఆట పోయి పైకీ కిందికీ ఎగరడం మొదలవుతుంది. ఎక్కువ బిగిస్తే స్పోకు కొన లోపలికి పొడుచుకొచ్చి ట్యూబుకి బొక్క పెడుతుంది, డ్రమ్ము కూడా గుండ్రం తప్పి, బ్రేకు వేసినప్పుడు ఒకసారి పట్టుకుంటూ, ఒకసారి వదులుతూ ఉంటుంది. అందుకే స్పోకు కొనన బిగించే నట్లు, నిపిల్స్ అంటారు, తుప్పుపట్టి ఉంటే రిమ్ము సెట్టింగ్ బాగా తెలిసిన చేతికే ఇవ్వండి. ఆ పని నైపుణ్యం కోరుతుంది, దానికి ఇచ్చే డబ్బు వృథా కాదు.

టైరుని తీసిపారేసే ముందు పక్కన సన్నటి గీత చూడండి. రిమ్ము అంచుకి ఆ గీత అన్నిచోట్లా సమాన దూరంలో ఉండాలి. లేదంటే టైరు సరిగ్గా కూర్చోలేదు, దానికి స్పోకులు తిప్పి లాభం లేదు. టైరు పక్కన అచ్చయిన డాట్ నంబర్ చివర నాలుగు అంకెలు ఉంటాయి, 2314 అంటే 2014లో 23వ వారం. పాత బండ్లకి అంత పాత టైర్లే ఉంటాయి, గట్టిపడిపోయి ఉంటాయి. చివరగా చక్రం పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. టక్కుమంటే బేరింగో, కోన్‌సెట్టో. ఫోర్కు కదలకుండా ఇంకొకరు పట్టుకుంటే ఏది అన్నది తెలుస్తుంది.

నా తీర్పు ఏంటంటే, ఇది తేలిగ్గా అర్థమయ్యే బండి, ఓపిక ఉన్నవాళ్లకి బాగా సరిపోతుంది. నెలకోసారి నట్లు సరిచూసే అలవాటు లేకపోతే మాత్రం తీసుకోవద్దని సూటిగా చెబుతాను. మీ బండి గురించి అడిగేటప్పుడు కింద మూడు సంగతులు తప్పకుండా రాయండి: చల్లగా ఉన్నప్పుడు వస్తోందా వేడెక్కాకా, ఏ స్పీడులో, క్లచ్ పట్టాక పోతోందా ఉంటోందా.