పిల్లాడు దొరికాడు సరే, వెనకున్న పెద్దోడెక్కడ?

నమస్తే అండి. విశాఖ బీచ్ రోడ్డులో అర్ధరాత్రి బైక్ రేసులు పెట్టే కుర్రాళ్లని పోలీసులు పట్టుకున్నారని వార్త వస్తే చాలు, కింద కామెంట్లన్నీ ఒకటే పాట. "మైనర్లు కదా, పొద్దున్నే ఇంటికి పంపించేస్తారు, వీళ్లకి భయమేముంటది" అని. పంపించడం చాలా వరకు నిజమే, చట్టం కూడా అటే మొగ్గుతుంది. నా గొడవ వేరే. పంపించే ముందు స్టేషన్‌లో ఆ పిల్లాడిని ఏం అడిగారు?

గాజువాకలోనో కంచరపాలెంలోనో పదహారేళ్ల కుర్రాడు సెల్‌ఫోన్ కొట్టేసి దొరికాడనుకోండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ప్రతి స్టేషన్‌లో ఇలాంటి పిల్లల కోసం ఒక అధికారి ఉండాలి, కనీసం ఏఎస్ఐ (అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్) ర్యాంకు. ఆయన మఫ్టీలో మాట్లాడాలి. బేడీలు వేయకూడదు, లాకప్‌లో పెట్టకూడదు. అమ్మానాన్నలకి కబురు చేయాలి. 24 గంటల్లోగా పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్లాలి. ఇలాంటి చిన్న దొంగతనానికి ఎఫ్ఐఆర్ ఉండదు, స్టేషన్ రోజువారీ పుస్తకం, అంటే జనరల్ డైరీలో రాస్తారు. కనీస శిక్షే ఏడేళ్లు, ఆపైన ఉండే నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో మాత్రం ఎఫ్ఐఆర్ కడతారు.

డైరీలో రాసి ఊరుకుంటే కుదరదు. సామాజిక నేపథ్య నివేదిక అని ఒక ఫారం నింపాలి. ఇంట్లో ఎవరెవరున్నారు, బడి ఎందుకు మానేశాడు, ఎవరితో తిరుగుతున్నాడు, ఏమైనా అలవాట్లున్నాయా... ఇలా సాగుతుంది. అందులోనే ఇంకో ప్రశ్న ఉంది: ఈ పిల్లాడిని పెద్దవాళ్లు గానీ ముఠా గానీ వాడుకున్నారా? మత్తుమందుల అమ్మకానికి వాడారా? నన్నడిగితే ఆ ఫారం మొత్తంలో బంగారం లాంటి ప్రశ్న అదే. మనసు పెట్టి నింపితే కేసు మలుపు తిరుగుతుంది. రాత్రి డ్యూటీలో ఉన్నాయన "లేదు" అని రాసి సంతకం పెట్టేస్తే అక్కడితో సరి.

మన విశాఖలో ఈ ప్రశ్న బరువు ఇంకా ఎక్కువ. ఏజెన్సీ (మన్యం కొండ ప్రాంతం) నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి కిందికి దిగే గంజాయికి మన నగరం పెద్ద దారి. సరుకు యజమాని బస్సెక్కడు. బ్యాగు ఒక కుర్రాడి భుజాన వేస్తాడు, చేతిలో కొంత డబ్బు పెడతాడు. పట్టుబడేది కుర్రాడు. కానీ అదే చట్టంలో 78వ సెక్షన్ చూడండి: పిల్లలతో మత్తుపదార్థాలు మోయించినా, అమ్మించినా ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఈ సెక్షన్ పడేది పంపినవాడి మీద. పోలీసులు బ్యాగు పట్టుకుని ఫొటో దిగడంతో సరిపెడితే ఆ సెక్షన్ పుస్తకంలోనే ఉండిపోతుంది.

రేసుల సంగతీ అంతే. 2019లో మోటారు వాహనాల చట్టంలోకి 199ఏ సెక్షన్ వచ్చింది. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రి గానీ బండి యజమాని గానీ బాధ్యుడు. మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. తనకి తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తగినంత జాగ్రత్త పడ్డాననో నిరూపించుకుంటే బయటపడతాడు. పిల్లాడికి 25 ఏళ్లొచ్చే దాకా లైసెన్స్ రాదు. కొనిచ్చిన నాన్నగారేమో స్టేషన్‌కొచ్చి "ఏదో కుర్రాడు సార్, ఈసారికి వదిలేయండి" అంటారు! తండ్రి మీద కేసు పెట్టకుండా కొడుక్కి కౌన్సెలింగ్ ఇస్తే ఏం లాభం?

కౌన్సెలింగ్ అంటే గుర్తొచ్చింది, వరసగా నిలబెట్టి, గుంజీలు తీయించి, వీడియో తీసి వదలడం కౌన్సెలింగ్ కాదు. ఆ పిల్లల ముఖం, పేరు, బడి బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలో, రెండు లక్షల వరకు జరిమానానో, రెండూనో. మాలాంటి ఛానళ్లకీ అదే వర్తిస్తుంది. అందుకే ఈ వీడియోలో ఒక్క ముఖం కూడా చూపించలేదు.

మీ వీధిలో ఎవరైనా పిల్లల చేతికి గంజాయి పొట్లాలు ఇస్తుంటే మత్తుమందుల మీద పనిచేసే రాష్ట్ర పోలీసు విభాగం ఈగల్ నంబరు 1972. పిల్లాడే ఆపదలో ఉంటే 1098. ఫోన్ చేసినప్పుడు, పొట్లం ఇస్తున్నవాడు ఎవడో, ఏ టైంకి, ఏ బండి మీద వస్తాడో ముందు చెప్పండి.