పేరు ఒక వరుసది, గీత ఇంకో వరుసది

సభాధ్యక్షులకు, సభికులకు నమస్కారం. కోవేరియేట్ ప్రభావాల ఫారెస్ట్ ప్లాట్‌ను సాఫ్ట్‌వేర్‌లో మనకు కావలసినట్టు మలచుకోవడం గురించి మాట్లాడమన్నారు. కోవేరియేట్ అంటే ఒంట్లో మందు తీరును మార్చగల అంశం, రోగి బరువు లాంటిది. ఫారెస్ట్ ప్లాట్‌లో అలాంటి ఒక్కో స్థితికి ఒక్కో వరుస, అందులో అంచనాకు ఒక గుర్తు, దానికి అటూ ఇటూ సాగే ఒక అడ్డగీత ఉంటాయి. రంగుల గురించీ అక్షరాల సైజు గురించీ చెబుతానని వచ్చినవారు మన్నించాలి. కొన్నేళ్లుగా నన్ను తొలుస్తున్నది వరుసల సంగతి.

ఒక పాపులేషన్ మోడల్‌లో, అంటే రోగుల సమూహంలో మందు తీరును లెక్కగట్టే గణిత నమూనాలో, పోలికకు ఆధారమైన రిఫరెన్స్ రోగి బరువు 70 కిలోలు అనుకుందాం. క్లియరెన్స్, అంటే శరీరం మందును తొలగించే వేగం, బరువుల నిష్పత్తికి 0.75 ఘాతంగా మారుతుందనీ అనుకుందాం. అప్పుడు రిఫరెన్స్‌తో పోలిస్తే 50 కిలోల వ్యక్తి క్లియరెన్స్ 0.78 వంతు, 100 కిలోల వ్యక్తిది 1.31 రెట్లు. సరిగ్గా ఇలాంటి మోడల్‌కే ఒకసారి ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, బొమ్మలు గీసే జీజీప్లాట్2 ప్యాకేజీతో ఫారెస్ట్ ప్లాట్ గీశాను. వరుసల పేర్లు సాఫ్ట్‌వేర్ దృష్టిలో సంఖ్యలు కావు, అక్షరాలు. అక్షరక్రమంలో 5 కన్నా 1 ముందు గనుక 100 కిలోల వరుస 50 కిలోల వరుసకు ముందు చేరింది. నేను అది గమనించకుండా, పాత కోడ్ పేర్ల స్థానంలో చదవడానికి వీలైన పేర్లను 50, 100 అనే క్రమంలో పేర్చి అంటించాను. బొమ్మ చూడముచ్చటగా వచ్చింది. సమీక్షా సమావేశంలో ఒక వైద్యురాలు కాసేపు చూసి, "బరువు పెరిగితే క్లియరెన్స్ తగ్గుతోందేమిటండీ?" అని అడిగారు.

మోడల్ తప్పు కాదు, అంకెలు తప్పు కావు, ప్రోగ్రాం ఒక్క హెచ్చరికైనా ఇవ్వలేదు. బరువు కాబట్టి దొరికిపోయాను. అదే రెండు జన్యు రకాలో, రెండు మాత్రల తయారీలో అయి ఉంటే, ఏది ఎటు ఉండాలో ముందే తెలిసినవారు ఆ గదిలో ఎవరుండేవారో మీరే ఆలోచించండి. అందుకే చేతులు జోడించి అడుగుతున్నాను: కొత్త పేరును స్థానాన్ని బట్టి ఇవ్వకండి, పాత పేరుకు జతచేసి ఇవ్వండి, వరుసల క్రమాన్ని సాఫ్ట్‌వేర్‌కు వదలకుండా మీరే రాయండి.

ఇక స్కేలు. ఈ లోపలి తేడాను పట్టించుకోనక్కర్లేదని చూపడానికి చాలామంది నీడపట్టీగా గీసే 0.8, 1.25 హద్దులు ఒకదానికొకటి విలోమాలు. సమాన నిష్పత్తులను సమాన దూరాలుగా చూపే లాగ్ స్కేల్ మీదే అవి 1కి ఇరువైపులా సమదూరంలో నిలుస్తాయి. ఆ హద్దులు రెండు మందు తయారీలు ఒంట్లో సమానమేనా అని తేల్చే బయోఈక్వివలెన్స్ పరీక్షల నుంచి అరువు తెచ్చుకున్నవి, ప్రతి మందుకూ వర్తించే శాసనం కాదు. మోతాదు కాస్త పెరిగినా విషమించే మందుకు పట్టీ ఇరుకుగా ఉండాలి, అది ఎంతో నిర్ణయించాల్సింది డిఫాల్ట్ కాదు, వైద్యులు. క్లియరెన్స్‌కు బదులు ఎక్స్‌పోజర్‌ను, అంటే ఒంటికి మొత్తం మీద తగిలే మందును, గీస్తే బొమ్మ తిరగబడుతుందని కూడా మరవకండి: ఇందాకటి 0.78 అక్కడ 1.29 అవుతుంది.

పలు అధ్యయనాలను కలిపి చూసే మెటా విశ్లేషణ ప్లాట్లలో చతురస్రం పెద్దదైతే లెక్కలో ఆ అధ్యయనానికి ప్రాధాన్యం ఎక్కువని అర్థం. మన ప్లాట్‌లో అలాంటి ప్రాధాన్యమేదీ లేదు గనుక గుర్తులన్నీ ఒకే సైజులో ఉంచడం మేలు. ఇది చిన్న విషయమే.

చిన్నది కానిది అడ్డగీత. సాధారణంగా అది చూపేది మోడల్‌లోని సంఖ్యల (పారామీటర్ల) అంచనాలో మన అనిశ్చితిని మాత్రమే. ఒకే బరువున్న ఇద్దరు రోగుల మధ్య ఉండే తేడా అందులో ఉండదు. చూసేవారేమో దాన్ని రోగుల విస్తృతి అనుకుంటారు. గీత ఇరుకుగా ఉంటే రోగులంతా ఒకేలా ఉన్నారని ధైర్యపడతారు. కాబట్టి గీత దేన్ని చూపుతోందో, రిఫరెన్స్ రోగి వయసు, బరువు, మూత్రపిండాల పనితీరు ఏమిటో బొమ్మ కిందే రాయండి.

మళ్లీ నా వరుసల దగ్గరికే వస్తున్నాను. ఆనాటి బొమ్మను దాచుకున్నాను. ఇప్పుడు తెర మీద పెడుతున్నాను. అందులో పేరు మారిన వరుసలు ఇంకో రెండున్నాయి, ఏవో మీరే చెప్పండి.