మొటిమ మురికి కాదు

పెద్దలకూ, ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకూ నమస్కారం. మొటిమలు ఎందుకొస్తాయో చెప్పమన్నారు. ముందు ఎందుకు రావో చెబుతాను. ముఖం కడుక్కోనందుకు రావు.

మా అక్కకు పద్నాలుగో ఏట మొదలయ్యాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మాట: "ముఖం సరిగ్గా కడుక్కోవా?" పాపం, రోజుకు ఆరేడుసార్లు కడిగేది. తువ్వాలుతో రుద్దీ రుద్దీ బుగ్గల మీద పొట్టు లేచేది. నీళ్లు తగిలినా మండుతోందనేది. మొటిమలు మాత్రం పెరిగాయి. ఆ రుద్దడమే వాపును ఎక్కువ చేస్తుందని ఇంట్లో ఎవరికీ తెలియదు.

అసలు కథ చర్మం లోపల. ఈడొచ్చే వయసులో, మగ హార్మోన్లని పిలిచే ఆండ్రోజెన్లు పెరుగుతాయి, ఆడపిల్లల్లో కూడా. దాంతో వెంట్రుకల కుదుళ్ల దగ్గరుండే నూనె గ్రంథులు పెద్దవై జిడ్డు ఎక్కువగా వదులుతాయి. రాలిపోవాల్సిన చర్మకణాలు రాలక, ఆ జిడ్డుతో కలిసి రంధ్రంలో బిరడాలా బిగుసుకుంటాయి. అందరి చర్మం మీదా ఉండే క్యూటిబాక్టీరియమ్ ఆక్నెస్ అనే బాక్టీరియా అక్కడ పెరుగుతుంది. శరీరం దానిమీద తిరగబడుతుంది, ఎర్రగా వాస్తుంది. ఇవాళ కనిపించిన మొటిమ లోపల కొన్ని వారాల కిందటే మొదలైంది. పొద్దున కడిగితే ఎలా పోతుంది చెప్పండి? బ్లాక్‌హెడ్‌లో, అంటే నల్ల చుక్కలా కనిపించే మూసుకుపోయిన రంధ్రంలో, నలుపు కూడా మురికి కాదు, చర్మానికి రంగునిచ్చే మెలనినే.

అమ్మానాన్నలకు ఉండి ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ. తీపి ఎక్కువ తింటే కొందరికి పెరగొచ్చు.

మళ్లీ అక్క దగ్గరికే వస్తున్నాను, చెప్పకుండా ఉండలేను. ఎవరో ఒక క్రీము తెచ్చిచ్చారు. రెండు వారాల్లో ముఖం నున్నబడింది, ఇల్లంతా సంబరం. తర్వాత నుదురూ బుగ్గలూ గడ్డమూ అంతటా ఒకే సైజు ఎర్ర పొక్కులు. అందులో స్టెరాయిడ్, అంటే వాపును కొన్నాళ్లు అణిచిపెట్టే మందు, ఉందని చర్మవ్యాధుల డాక్టరమ్మ చెప్పాకే తెలిసింది. స్టెరాయిడే మొటిమలు తెప్పిస్తుంది! అమ్మలూ, నాన్నలూ, దయచేసి ట్యూబు మీద పేరు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అని కనిపిస్తే, డాక్టరు రాయనిదే పిల్లల ముఖానికి పూయకండి.

ఆ డాక్టరమ్మ అక్కతో, "రెండుపూటలా మెల్లగా కడుక్కో, చాలు. మందు పని చెయ్యడానికి రెండు మూడు నెలలు పడుతుంది, మధ్యలో మానకు" అన్నారు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని అక్క ఏడ్చింది. "నేను శుభ్రంగా లేక కాదటరా" అంది.

వెనక వరుసలో ఒకమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉంది. మైకు ఆ అమ్మాయికివ్వండి.