సదరన్ గ్రీన్ బీన్స్ రివ్యూ: రంగు పోయినా వదలబుద్ధి కాని కూర

నమస్తే అండీ. అమెరికా దక్షిణాదిలోని (సదరన్ అంటే అదే) అట్లాంటాకి వచ్చిన కొత్తలో ఇక్కడి ఒక చిన్న హోటల్లో 'మీట్ అండ్ త్రీ' తెప్పించుకున్నాను. అంటే ఒక మాంసం, దాని పక్కన మనకు నచ్చిన మూడు కూరలు. అందులో గ్రీన్ బీన్స్ చూసి ప్రాణం ఉసూరుమంది. పచ్చదనం పోయి, ఆలివ్ రంగులో, రసంలో మెత్తగా పడి ఉన్నాయి. మనకి బీన్స్ అంటే కొబ్బరి చల్లిన వేపుడు కదా! కానీ ఒక చెంచా తిన్నాక ఇంకో గిన్నె అడిగి తెప్పించుకున్నాను. అప్పటినుంచి ఇంట్లో వండుతూనే ఉన్నాను. ఈరోజు రెండు కుండలు పెట్టాను: ఒకటి హామ్ హాక్‌తో, ఒకటి పంది మాంసం తినని వాళ్ల కోసం స్మోక్డ్ టర్కీ రెక్కతో.

హామ్ హాక్ అంటే పంది కాలి గిట్టకు పైన ఉండే కీలు ముక్క, ఉప్పు, పొగ పట్టించినది. ముందు దాన్ని ఒక్కదాన్నే ఆరు కప్పుల నీళ్లలో, సగం ఉల్లిపాయతో గంటసేపు సన్నని సెగ మీద ఉడికించాలి. దయచేసి ఈ గంట తగ్గించకండి. కూర రుచంతా ఆ నీళ్లలోనే తయారవుతుంది.

ఈలోపు బీన్స్ పని. రెండు పౌండ్లు, అంటే సుమారు 900 గ్రాములు. సన్నటి ఫ్రెంచ్ బీన్స్ వద్దు, ఇంతసేపు ఉడికితే చెదిరిపోతాయి. ఇదిగో, గింజ ఉబ్బి పైకి కనిపిస్తోంది చూడండి, ఇలాంటివి తీసుకోండి. కొన విరిచి కిందికి లాగితే నార దారంలా వస్తుంది. రెండు వైపులా తీయాలి, లేకపోతే తినేటప్పుడు పంటికి చుట్టుకుంటుంది.

బీన్స్ వేసి, మూత ఓరగా పెట్టి, ఇంకో గంట. ఇరవై నిమిషాలకి రంగు మారడం మొదలవుతుంది. పాడైపోతోందని టెన్షన్ పడకండి. బీన్స్‌లో ఉండే పులుపే వేడికి పత్రహరితంలోని మెగ్నీషియాన్ని తప్పించేస్తుంది, అందుకే ఆ ఆలివ్ రంగు. వెనిగర్ మాత్రం ముందే వేయకండి, పులుపు తగిలితే బీన్స్ త్వరగా మెత్తబడవు. చివరి ఇరవై ఐదు నిమిషాలు ఉందనగా చిన్న ఎర్ర బంగాళాదుంపలు వేయాలి. ఉప్పు ఆఖరున, రుచి చూసి. హాక్‌లో ఉప్పు బాగానే ఉంటుంది.

ఇక్కడి అపలాచియన్ కొండల్లో ఇంకో పద్ధతి ఉంది. బీన్స్‌ని సూదీ దారంతో దండలా గుచ్చి ఆరబెట్టి, చలికాలంలో ఉప్పు మాంసంతో గంటల తరబడి ఉడికిస్తారు. పేరు 'లెదర్ బ్రిచెస్', తోలు పంట్లాలు అని. నాకైతే వెంటనే అమ్మ ఎండబెట్టే వంకాయ ఒరుగులు గుర్తొచ్చాయి.

సరే, తిని చూద్దాం. ముందు హాక్ కుండ. రసం మీద సన్నటి నెయ్యి చుక్కల్లా కొవ్వు తేలుతోంది. బీన్ ఆకారం చెడలేదు, కానీ నాలుకతో నొక్కితే చాలు, నలిగిపోతోంది. పొగ వాసన గింజ లోపలి దాకా పట్టింది. అయిదుకి నాలుగున్నర.

టర్కీ కుండ రసం కాస్త పలచన. పొగ వాసన బాగుంది కానీ హాక్ రసంలో ఉన్న జిగట లేదు. దించే ముందు ఒక చెంచా వెన్న, నాలుగు మిరియాలు దంచి వేశాక చాలా తేడా వచ్చింది. నాలుగు.

ఈ రసాన్ని ఇక్కడ 'పాట్ లిక్కర్' అంటారు. పారబోయకండి. కార్న్ బ్రెడ్ ముక్క ఇలా ముంచి, ఒక్క క్షణం పీల్చుకోనిచ్చి తినాలి. మా ఇంట్లో వేడి అన్నంలో కూడా పోసుకుంటాం, పక్కన ఒక పచ్చి ఉల్లిపాయ ముక్క పెట్టుకుని.