చెవి పాసైంది, పాపకు వినపడదు

(బెంగళూరులో తెలుగువారి సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు కోడిపిల్ల సంగతి చెబుతాను. చెవులు పగిలే మోత విన్న కోడిపిల్లకు లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు చచ్చిపోతాయి. మనకూ అంతే. కానీ కొన్నాళ్లకు దాని చెవిలో పక్కనుండే ఆధార కణాల నుంచి కొత్త రోమకణాలు పుట్టుకొస్తాయి, వినికిడీ చాలావరకు తిరిగొస్తుంది. 1980ల చివర్లో ఇది బయటపడేదాకా పక్షులకూ మనలాగే పోయింది పోయినట్టేనని అనుకునేవారు. కోడి పిండాల చెవిలో ఈ కణాలు ఎలా రూపుదిద్దుకుంటాయో మన ఊళ్లోనే, వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకే ఆవరణలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో పరిశోధిస్తున్నారు.

మనకు ఒక్కో చెవిలో ఇవి దాదాపు 15,000. పోతే మళ్లీ రావు. వీటిలో రెండు రకాలు. లోపలి వరసలో ఉండే మూడున్నర వేల కణాలే మెదడుకు కబురు పంపుతాయి. బయటి వరసలవి శబ్దానికి తగ్గట్టు సాగుతూ, ముడుచుకుంటూ సన్నని శబ్దాన్ని పెంచి వాటికి అందిస్తాయి. ఈ కదలికకు మూలమైన ప్రెస్టిన్ ప్రొటీన్‌ను 2000లో గుర్తించారు. ప్రతిధ్వనితో దారి వెతుక్కునే గబ్బిలాల్లో, డాల్ఫిన్లలో ఈ ప్రెస్టిన్ విడివిడిగానే ఒకే తీరున మారిందని 2010లో తేలింది. ఎన్నిసార్లు చెప్పినా నాకు ఒళ్లు పులకరించే విషయమిది.

బయటి కణాలు అలా ఆడుతుంటే చెవిలోంచే చిన్న శబ్దం వెనక్కి వస్తుంది. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ దాన్ని పట్టుకున్నారు. ఆస్పత్రిలో నిద్రపోతున్న పసిబిడ్డ చెవిలో మెత్తటి రబ్బరు టిప్ పెట్టి టిక్కు టిక్కుమని వినిపిస్తారు చూడండి, అదే ఓఏఈ పరీక్ష. ఆ తిరిగొచ్చే శబ్దం దొరికితే తెర మీద ‘పాస్’ అని పడుతుంది.

ఆ పాస్ బయటి కణాలకు వచ్చింది. ఓటోఫెర్లిన్ అనే ప్రొటీన్ సరిగా తయారుకాని పిల్లలు కొందరుంటారు. వాళ్ల లోపలి కణం శబ్దాన్ని అందుకుంటుంది గానీ, నరానికి దాటించలేదు. ఓఏఈ పాసవుతుంది. తలుపు దబీమన్నా పాప ఉలిక్కిపడదు. “టెస్ట్ బాగానే వచ్చిందిగా, మాటలు నిదానంగా వస్తాయిలే” అని అమ్మమ్మ ధైర్యం చెబుతుంది. రెండేళ్లు గడిచిపోతాయి. తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి నరం స్పందన చూసే బెరా పరీక్ష చేస్తే గానీ అసలు సంగతి తెలియదు.

2024 జనవరిలో షాంఘై వైద్య బృందం ఇలాంటి ఆరుగురు పిల్లల ఫలితాలు ప్రకటించింది. లోపంలేని ఓటోఫెర్లిన్ జన్యువును కణాల్లోకి మోసుకెళ్లేది హాని చేయని వైరస్. కానీ ఆ జన్యువు పెద్దది, ఒక వైరస్‌లో పట్టదు. రెండు ముక్కలు చేసి, రెండు వైరస్‌లతో ఒక చెవిలోకి పంపారు. ఐదుగురికి వినికిడి వచ్చింది. కణాలు బతికే ఉన్నాయి కాబట్టే అది కుదిరింది.

తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే ఈ చెవుడు వస్తుంది. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ఇళ్లలో దీని గురించి దాపరికం వద్దు. ఎవరి పెళ్లినీ తప్పుపట్టడం లేదు నేను. మేనరికమైనా, ఇంట్లో పుట్టుచెవుడు ఉన్నా, బిడ్డ ఎన్‌ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఐసీయూలో, ఉండి వచ్చినా, ఓఏఈతో సరిపెట్టకుండా బెరా కూడా చేయమని అడగండి. మూడో నెల నిండేలోపు అడగండి. లోపం తేలితే ఆరో నెలకల్లా వినికిడి మిషనో, మరో చికిత్సో మొదలవ్వాలి. ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే సభయ్యాక నా దగ్గరికి రండి, రిపోర్టులు కలిసి చూద్దాం.